పరుగుకు ముందు కాళ్లు సాగదీయాలా? దూరం పరుగెత్తేవారు అనుసరించదగిన పద్ధతి

తెల్లవారుజామున విశాఖ ఆర్.కె. బీచ్ రోడ్డు మీద కాళికాలయం నుంచి జలాంతర్గామి ప్రదర్శనశాల వరకు నడిచి చూస్తే, పిట్టగోడ మీద మడమ ఆనించి, మోకాలి మీదికి వంగి, పళ్లు బిగించి నిలబడినవారు కనీసం పదిమంది కనిపిస్తారు. వారిలో చాలామంది ఇంకా ఒక్క అడుగు కూడా పరుగెత్తి ఉండరు. అలా వంగితే గాయాలు కావనీ, పరుగు తేలికవుతుందనీ, మర్నాడు ఒళ్లు నొప్పులు ఉండవనీ బడిలో డ్రిల్లు మాస్టారు చెప్పిన నాటి నుంచి మనందరికీ ఒక నమ్మకం ఉంది. నేనూ చాలా ఏళ్లు ఆ పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను. ఈ మూడు నమ్మకాలలో దేనికి ఎంత ఆధారముందో చూసి, 10 కిలోమీటర్ల నుంచి మారథాన్ దాకా పరుగెత్తే మీరు సాగదీతకు ఎప్పుడు చోటివ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో నిర్ణయించుకునే మార్గాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా అర్థం చేసుకోవలసింది

సాగదీయడం ఒక పని. ఒంటికి ఉండే వంగే గుణం ఒక స్థితి. మాటల్లో మనం రెండింటినీ కలిపేస్తాము గాని, పరుగు విషయంలో వీటిని విడదీసి చూడకపోతే చిక్కు వీడదు.

స్థితి సంగతి మొదట చూద్దాం. పరుగెత్తేటప్పుడు కాలు స్ప్రింగులా పనిచేస్తుంది. పాదం నేలను తాకగానే, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయుబంధనం సాగి శక్తిని దాచుకుని, అడుగు లేచేటప్పుడు దాన్ని తిరిగి ఇస్తుంది. 70 కిలోల మనిషి సెకనుకు 4.5 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నప్పుడు ఒక్కొక్క అడుగులో చేతులు మారే శక్తి సుమారు 100 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) ఉంటుందనీ, అందులో 35 జౌళ్లు అకిలిస్‌లోను, 17 జౌళ్లు పాదం వంపులోను నిలువ ఉంటాయనీ 1987లో బ్రిటన్ పరిశోధకులు లెక్కగట్టారు. అంటే సగానికి పైగా శక్తిని కండరం కొత్తగా ఖర్చు పెట్టకుండానే తిరిగి పొందుతున్నామన్నమాట. నులక వదులైన మంచం ఒంటిని ఎలా మోయలేదో, బిగువు లేని పిక్కా మడమా కూడా ఈ శక్తిని అలాగే సరిగా తిరిగి ఇవ్వలేవు.

అందుకే ఒకే వేగానికి తక్కువ ఆక్సిజన్ వాడే గుణాన్ని, అంటే పరుగులోని పొదుపును కొలిచినప్పుడు, వంగలేనివారే కొంత మెరుగ్గా కనిపించారు. 2002లో అంతర్జాతీయ స్థాయి పురుష దూరపు పరుగువీరులు 34 మందిని పరీక్షిస్తే, కూర్చుని ముందుకు వంగి వేళ్లను అందుకోవడంలో వెనుకబడినవారు పరుగులో ఎక్కువ పొదుపరులని తేలింది. 2003 లండన్ మారథాన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్ విషయంలో కూడా, ఆమె పరుగు పొదుపు మెరుగుపడిన ఏళ్లలోనే ముందుకు వంగే సామర్థ్యం తగ్గిందని ఆమెను ఏళ్ల తరబడి పరీక్షించిన శాస్త్రవేత్త రాశారు.

ఈ మాట విని బిగుసుకుపోవడమే మంచిదని అనుకోకండి. బిగువుకూ పొదుపుకూ సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము. వేలకొద్దీ కిలోమీటర్లు పరుగెత్తడం వల్లనే కాళ్లు బిగుసుకుని ఉండవచ్చు. పైగా కొందరితో 10 వారాలపాటు క్రమంగా సాగదీత చేయించిన ఒక ప్రయోగంలో వారు ఎక్కువ వంగగలిగారు గాని, పరుగు పొదుపు చెడలేదు. నా అభిప్రాయంలో దూరపు పరుగుకు కావలసినది ఆ అడుగుకు సరిపోయేంత కదలిక మాత్రమే. మీకు అది ఉంటే అంతకు మించి సంపాదించనక్కరలేదు; లేకపోతే మాత్రం సంపాదించుకోవాలి. కాబట్టి కొలవడంతో మొదలుపెట్టండి.

మొదటి దశ: మీకు ఎంత ఉందో ఇంట్లోనే కొలుచుకోండి

మూడు కొలతలు చాలు. చీలమండది అన్నింటికంటే ముఖ్యం. గోడకు ఎదురుగా నిలబడి, ఒక పాదం బొటనవేలిని గోడకు కొంచెం దూరంగా పెట్టి, మడమ నేలను వదలకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకితే పాదాన్ని సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ ప్రయత్నించండి. మడమ లేవకుండా మోకాలు గోడను అందుకోగలిగిన చివరి దూరాన్ని స్కేలుతో కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాసుకోండి. సుమారు 10 సెంటీమీటర్లు వస్తే పరుగుకు ఇబ్బంది లేనట్టే. అంతకు బాగా తక్కువైనా, రెండు కాళ్లకూ మధ్య 2 సెంటీమీటర్ల తేడా ఉన్నా, ఆ చీలమండ మీద పనిచేయవలసి ఉంటుంది. తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడా సమతలం మీదకంటే స్పష్టంగా బయటపడుతుంది, ఎందుకంటే ఎత్తు మీద చీలమండ మరింత వంగవలసి వస్తుంది.

రెండవది తుంటి. మంచం అంచున వెల్లకిలా పడుకుని, ఒక మోకాలిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, రెండో కాలిని అంచు నుంచి కిందికి వదలండి. వదిలిన తొడ మంచంతో సమంగానో అంతకంటే కిందికో దిగితే సరే. పైకి లేచి నిలిచిపోతే తుంటి ముందు భాగం బిగుసుకుని ఉందని అర్థం. మధురవాడ ఐటీ కార్యాలయాల్లో రోజంతా కుర్చీకి అంటుకుపోయేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది; అలాంటివారు పరుగులో కాలిని వెనక్కి పోనివ్వలేక, ఆ లోటును నడుము వంచి తీర్చుకుంటారు.

మూడవది తొడ వెనుక భాగం. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక కాలిని ఎత్తండి. నిటారు దిశకు కొంచెం తక్కువలో ఆగినా దూరపు పరుగు వేగానికి అది ధారాళంగా సరిపోతుంది. నిలబడి వేళ్లను అందుకోలేకపోవడం పరుగులో లోపమేమీ కాదు.

ఇక గొంతుక్కూర్చుని, మడమలు నేలకు ఆనించి రెండు నిమిషాలు హాయిగా ఉండగలిగితే, ఈ కొలతలలో మొదటిదాన్ని మీరు దాదాపు నెగ్గినట్టే. ఇండియన్ టాయిలెట్ వాడకం, నేల మీద మఠం వేసుకుని భోంచేయడం మన పెద్దవాళ్లకు రోజూ చేసే సాగదీతే; కమోడ్, డైనింగ్ టేబులు వచ్చాక దానికి విడిగా సమయం కేటాయించవలసి వస్తోంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. చేతి బొటనవేలిని వంచి ముంజేతి లోపలి వైపును తాకించగలిగేవారు, మోకాలు వంచకుండా రెండు అరచేతులనూ నేలకు ఆనించగలిగేవారు ఉంటారు. వారి కీళ్లు పుట్టుకతోనే వదులు. అలాంటివారు సాగదీతను పూర్తిగా పక్కనపెట్టి, కింద చెప్పబోయే బలం పెంచే దశకు నేరుగా వెళ్లడం మేలు.

రెండవ దశ: పరుగుకు ముందు ఒకే భంగిమలో ఆగి సాగదీయకండి

ఒక భంగిమలో ఆగి కండరాన్ని పట్టి ఉంచే సాగదీత వల్ల ఆ తర్వాత కొంతసేపు కండరం ఇచ్చే బలం తగ్గుతుంది. 2016లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, ఒక్కో కండరాన్ని 60 సెకన్లు లేదా అంతకు మించి సాగదీసినప్పుడు ఈ తగ్గుదల సగటున 4.6 శాతం, అంతకంటే తక్కువసేపైతే 1.1 శాతం మాత్రమే. దూరపు పరుగు మీద నేరుగా చేసిన ప్రయోగం ఒకటుంది. అందులో 10 మంది శిక్షణ పొందిన పరుగువీరులు ఒక రోజు 16 నిమిషాలు సాగదీసి, మరో రోజు ఊరికే కూర్చుని, ఆ తర్వాత అరగంటలో ఎంత దూరం పోగలరో పరుగెత్తి చూశారు. ఊరికే కూర్చున్న రోజు సగటున 6 కిలోమీటర్లు, సాగదీసిన రోజు 5.8 కిలోమీటర్లు వచ్చింది. ఆడుతూ పాడుతూ పరుగెత్తే రోజున ఈ తేడా మీకు తెలియదు; పోటీ రోజున తెలుస్తుంది.

నష్టమున్నా గాయాలను ఆపుతుందిలే అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత ప్రతి వ్యాయామానికీ ముందు కాలి కండరాలను సాగదీయించారు. 2000లో వెలువడిన ఆ ఫలితంలో రెండు జట్ల గాయాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి దమ్ము తక్కువో వారికే గాయాలు ఎక్కువయ్యాయి. తర్వాత అమెరికాలో 2,729 మంది పరుగు చేసేవారి మీద మూడు నెలలు జరిపిన అధ్యయనంలో కూడా సాగదీసిన జట్టులోను, సాగదీయని జట్టులోను గాయపడినవారు ఒకే నిష్పత్తిలో, సుమారు 16 శాతం ఉన్నారు.

మరి ఏం చేయాలి? మొదటి 8 నుంచి 10 నిమిషాలు, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తండి. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా వణికించే చలి ఉండదు, వేసవిలోనైతే ఐదు నిమిషాలకే చొక్కా తడుస్తుంది. కాబట్టి చలి దేశాల పుస్తకాల్లో రాసినంత సుదీర్ఘమైన వార్మప్ ఇక్కడ అక్కరలేదు. ఆ తర్వాత పిట్టగోడను ఒక చేత్తో పట్టుకుని ఒక్కో కాలిని ముందుకూ వెనక్కూ 10 సార్లు, అడ్డంగా 10 సార్లు ఊపండి. ఊపు చిన్నగా మొదలై క్రమంగా పెరగాలే తప్ప విసురు ఉండకూడదు. అటుపైన పది అడుగులు పొడవైన అంగలతో మోకాలు వంచుతూ నడవండి, 20 మీటర్లు మోకాళ్లు పైకెత్తుతూ, మరో 20 మీటర్లు మడమలు పిరుదుల వైపు లేపుతూ పరుగెత్తండి. వేగంగా పరుగెత్తవలసిన రోజైతే 80 మీటర్ల చొప్పున నాలుగు సార్లు వేగం పెంచి తగ్గించండి. ఇవన్నీ కలిపి ఐదారు నిమిషాల పని. నెమ్మది పరుగు రోజున ఇవేవీ చేయకపోయినా, మొదటి కిలోమీటరును నిదానంగా పోనిస్తే సరిపోతుంది.

సూర్యనమస్కారాలు చేసే అలవాటుంటే అవి ఇక్కడ చక్కగా ఒదుగుతాయి, కాకపోతే ఏ భంగిమలోనూ ఒకటి రెండు శ్వాసలకు మించి నిలవకుండా ఒరవడిగా చేయాలి. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవ ప్రధాన కార్యక్రమం ఈ బీచ్ రోడ్డు మీదే జరిగిన తర్వాత, పరుగుకు ముందు పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి ముందుకు వంగి, నిమిషాలకొద్దీ కూర్చునేవారు నాకు తరచుగా కనబడుతున్నారు. ఆ ఆసనం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. దానికి సాయంత్రం మంచి సమయం.

మూడవ దశ: పరుగు తర్వాత చేస్తే చేయండి, నొప్పులు పోతాయని మాత్రం ఆశించకండి

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు కాలినడకన ముగించినవారిని రెండో రోజు మెట్లు దిగమంటే వారి ముఖం చూడండి. ఆ నొప్పి అలవాటు లేని శ్రమకు కండరం లోపల కలిగే సూక్ష్మమైన దెబ్బల వల్ల వచ్చేది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తనంతట తానే తగ్గుతుంది. వ్యాయామానికి ముందు గాని తర్వాత గాని సాగదీస్తే ఈ నొప్పి ఎంత తగ్గుతుందో 12 అధ్యయనాలను కలిపి 2011లో ఒక సమీక్ష పరిశీలించింది. 100 పాయింట్ల నొప్పి కొలమానం మీద మర్నాటికి తగ్గినది దాదాపు ఒక్క పాయింటు. లాంగ్ రన్ ముగిశాక 10 నిమిషాలు నడిచి, కొబ్బరి నీళ్లు తాగి, తీరిగ్గా ఒళ్లు విరుచుకుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే చేస్తున్నానని తెలిసి చేయండి.

పిక్క పట్టేసినప్పుడు మాత్రం సాగదీతే అసలు మందు. ఉక్కపోత రోజున రుషికొండ దాటాక పిక్క ఒక్కసారిగా ముడిపడితే, వెంటనే ఆగి, మోకాలు చాపి, పాదం వేళ్లను మీ వైపుకు లాగి, ముడి వదిలేదాకా నెమ్మదిగా పట్టి ఉంచండి. వదిలాక కొంత దూరం నడిచి, మునుపటికంటే తగ్గిన వేగంతో సాగండి.

నాలుగవ దశ: లోటు ఉన్నచోట మాత్రమే, విడిగా సమయం కేటాయించి సాగదీయండి

మొదటి దశలో ఏ కొలత తగ్గిందో దానికి మాత్రమే ఈ పని. వారంలో మూడు సాయంత్రాలు, పరుగుతో సంబంధం లేని వేళలో, ఐదు నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కాక చేయండి. ఒక్కొక్క సాగదీతను 30 సెకన్లు పట్టి ఉంచి, ప్రతి కాలికీ రెండు సార్లు చేస్తే చాలు. లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు, ఊపిరి బిగబట్టకూడదు.

చీలమండకైతే గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి వేసి నిలబడండి. వెనుక మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి చేయాలి, ఎందుకంటే పిక్కలో పైకండరమూ లోపలి కండరమూ వేర్వేరుగా సాగుతాయి. తుంటికైతే చాప మీద ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి, పిరుదులు బిగించి, నడుము వంచకుండా తుంటిని ముందుకు జరపండి. నడుము వంచితే సాగవలసినది సాగదు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

మొదటి వారాల్లో కనిపించే మార్పు కండరం పొడవు పెరగడం వల్ల వచ్చేది కాదు. లాగుడును ఓర్చుకోవడం నాడీ వ్యవస్థకు అలవాటు కావడం వల్ల వచ్చేది. అందువల్ల మానేస్తే కొన్ని వారాల్లో పాత స్థితికి వస్తారు. దానికి కంగారు పడనక్కరలేదు.

ఐదవ దశ: మిగిలిన సమయాన్ని బలానికి ఇవ్వండి

25 ప్రయోగాలను, 26 వేల మందికి పైగా క్రీడాకారులను లెక్కలోకి తీసుకున్న 2014 నాటి విశ్లేషణలో సాగదీత వల్ల గాయాలు తగ్గినట్టు కనబడలేదు, బలం పెంచే వ్యాయామాలు మాత్రం గాయాలను మూడో వంతుకంటే తక్కువకు దించాయి. ఆ లెక్క అన్ని రకాల ఆటలనూ కలిపి వేసినది గనుక పరుగువారికి అదే నిష్పత్తి వర్తిస్తుందని నేను చెప్పను. అయినా పిట్టగోడ దగ్గర గడిపే పది నిమిషాలను మెట్టు మీద గడపడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

వారానికి రెండు రోజులు ఇలా చేయండి. ఇంటి మెట్టు అంచున పాదాల ముందు భాగంతో నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒక్క కాలితో మూడు సెకన్లలో నెమ్మదిగా మడమను మెట్టుకంటే కిందికి దించండి. ప్రతి కాలికీ 15 చొప్పున మూడు విడతలు. పిక్క బలపడటంతో పాటు పూర్తి పొడవులో పనిచేస్తుంది కాబట్టి, ఈ ఒక్క వ్యాయామం చీలమండ సాగదీతకు కూడా చాలావరకు సరిపోతుంది. దానికి తోడు నిదానంగా 12 బస్కీలు మూడు విడతలు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తే సేతుబంధాసనం ఒక్క కాలితో 10 చొప్పున మూడు విడతలు. తేలికైపోయినప్పుడు వీపు సంచిలో పుస్తకాలు గాని బియ్యం గాని వేసుకోండి.

ఆరవ దశ: నొప్పి ఉన్నచోట సాగదీసే ముందు ఆగి ఆలోచించండి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. ఒక ఏడాది కుడి పిరుదు కింద, కూర్చుంటే నేలకు ఆనే ఎముక దగ్గర నొప్పి మొదలైంది. స్కూటరు మీద అరగంట కూర్చుంటే సలిపేది. బిగుసుకుపోయిందనుకుని రోజుకు మూడు పూటలా కాలు పిట్టగోడ మీద పెట్టి వంగేవాణ్ణి. వంగినప్పుడు ఉపశమనంగా ఉండి, గంట తర్వాత అంతకు రెట్టింపు నొప్పి వచ్చేది. నెలలు గడిచాక తెలిసినదేమంటే, తొడ వెనుక కండరపు స్నాయుబంధనం ఆ ఎముకకు అతుక్కునే చోట దెబ్బతిన్నదనీ, ముందుకు వంగిన ప్రతిసారీ దాన్ని ఎముకకేసి నొక్కుతున్నాననీ. సాగదీత పూర్తిగా మాని, కూర్చునే వేళలు తగ్గించి, సేతుబంధాసనంతో మొదలుపెట్టి బరువు పెంచుకుంటూ పోతే నాలుగు నెలలకు కుదుటపడింది.

అకిలిస్ మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. వారు మడమను మెట్టు కిందికి దించకుండా సమతలం మీదే పైకి లేవాలి. అకస్మాత్తుగా కలుక్కుమని కండరం పట్టేస్తే మొదటి రోజుల్లో దాన్ని లాగకండి. వాపు గాని, ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట పదునైన నొప్పి గాని ఉంటే, పరుగు ఆపి ఎముకల డాక్టరును చూడండి. ఉదయం మొదటి అడుగులకు అరికాలు మడమ దగ్గర గుచ్చుకునే నొప్పి మాత్రం మినహాయింపు: మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో వెనక్కి వంచి 10 సెకన్ల చొప్పున 10 సార్లు పట్టి ఉంచితే చాలామందికి మేలు చేస్తుంది.

ఏడవ దశ: పాత అలవాటును ఒక్కసారిగా తెంచకండి

ఇంతా చదివి రేపటి నుంచే పిట్టగోడకు నమస్కారం పెట్టాలనుకుంటున్నారేమో. పైన చెప్పిన 2,729 మంది అధ్యయనంలో ఒక చిత్రమైన ఫలితం ఉంది: అప్పటిదాకా సాగదీస్తూ వచ్చి, ప్రయోగం కోసం ఉన్నట్టుండి మానేసినవారు ఎక్కువగా గాయపడ్డారు. సాగదీత విషయంలో శరీరం అలవాటుకు లోబడి ఉంటుందని దీన్నిబట్టి ఊహించవచ్చు. కాబట్టి మొదటి రెండు వారాలు సాగదీతను నెమ్మది పరుగు తర్వాతకు మార్చి, 20 సెకన్లకు తగ్గించండి. తర్వాతి రెండు వారాల్లో దాని స్థానంలో కాలి ఊపులు తెచ్చుకోండి. ఎప్పుడూ సాగదీయకుండా, గాయం లేకుండా పరుగెత్తుతున్నవారు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు.

వైజాగ్ నేవీ మారథాన్ వంటి పోటీ దగ్గర పడుతుంటే, ఆఖరి మూడు వారాల్లో ఈ మార్పులేవీ చేయకండి. పోటీ రోజున బయలుదేరే చోట జనం మధ్య ఇరుక్కుని పావుగంట నిలబడవలసి వస్తుంది. ఆ సమయంలో పక్కవారిని చూసి వంగకుండా, నిలబడినచోటే మడమలు ఎత్తి దించుతూ, అప్పుడప్పుడు మోకాలు పైకి లాగుతూ కాళ్లను వెచ్చగా ఉంచుకోండి. పోటీ ముగిసిన వారానికి గోడ దగ్గర చీలమండ కొలతను మళ్లీ తీసి, పుస్తకంలో పాత అంకె పక్కనే రాసుకోండి. అది 10 సెంటీమీటర్లు దాటి ఉంటే నాలుగవ దశలోని చీలమండ సాగదీతను ఆపేసి, మెట్టు వ్యాయామాన్ని మాత్రం కొనసాగించండి.